డ్యాన్స్ షో ఆడిషన్‌కు ఆడియన్స్‌గ పోతున్నం, పోయొచ్చినోళ్లు జెర చెప్పున్రి

పానగల్లు దర్జీ | సోమవారం, రాత్రి 9.40

అందరికి నమస్తే. మాది నల్లగొండ పక్కన పానగల్లు. బట్టలు కుడ్త. స్కూళ్ల వార్షికోత్సవాలకు, డ్యాన్స్ క్లాసులకు డ్రెస్సులు కుట్టిస్త.

మా అక్క బిడ్డకు 11 ఏండ్లు. రామగిరి దిక్కు డ్యాన్స్ క్లాసుకు పోతది. వాళ్ల గ్రూపుల ఎనిమిది మంది పిల్లలు. ఒక టీవీ డ్యాన్స్ షోకు వీడియో పంపితే మొదటి రౌండు దాటిన్రు. వచ్చే ఆదివారం హైదరాబాద్ల స్టూడియోకు రమ్మన్నరు. అక్కడ జడ్జిల ముందట ఆడుడు, కెమెరాలు, ఆడియన్స్, అంతా టీవీల వచ్చే ఆడిషనే అది. గ్రూపుకు పన్నెండు మందిని తెచ్చుకోవచ్చన్నరు. అండ్ల నేనొకదాన్ని.

టీవీల చూసుడే గాని నేనెప్పుడు స్టూడియో గడప తొక్కలేదు. ఏ రంగు చీర కట్టుకోవాలె? ఫోన్లు తీసుకుంటరా? తిండి తీసుకపోవచ్చా? రాత్రి ఎన్ని గంటలకు వదుల్తరు? మా అమ్మకు షుగర్ ఉంది, ఆమె గూడ వస్తనంటుంది. పోయొచ్చినోళ్లు చెప్తే మంచిగుంటది.

---

మిర్యాలగూడ అక్క | సోమవారం, రాత్రి 10.15

చెల్లే, పోయిన ఏడు మా బాబుతోని పోయిన. మొదలు అమ్మ సంగతి. గోలీలు, బిస్కెట్లు, రెండు అరటిపండ్లు చేతి సంచిల పెట్టుకోవాలె. గేటు కాడ టిఫిన్ డబ్బాలు ఆపుతరు గాని, షుగర్ ఉందని డాక్టర్ చీటీ చూపిస్తే మాకు వదిలిన్రు. చీటీ మర్చిపోకు. లోపలికి పోయినంక మధ్యల బయటికి రానియ్యరు.

స్వెట్టర్ గాని శాలువ గాని తప్పకుండ పెట్టుకో. ఎండకాలమే అని నేను ఉత్తగ పోయిన, ఆ ఏసీకి నాకు చేతులు వణికినయి. లైట్లు, ఆ పెద్ద స్క్రీను వేడెక్కకుండ గంత చల్లగ పెడ్తరట.

మమ్మల్ని పొద్దుగాల 9కి రమ్మని రాత్రి ఒంటిగంటకు వదిలిన్రు. తొందరగ వస్తమని మాత్రం అనుకోకు.

---

జడ్చర్ల లైట్‌మన్ | సోమవారం, రాత్రి 11.05

అక్కా, నేను పదకొండేండ్లు హైదరాబాద్ల సెట్ల మీద లైట్లు పట్టిన. ఇప్పుడు జడ్చర్లల ఎలక్ట్రికల్ షాపు పెట్టుకున్న. నాకు తెలిసింది చెప్త.

తెల్ల చీర వద్దు. లైటు దాని మీద పడి తిరిగి కొట్టి, మొఖం నల్లగ కనబడేటట్టు చేస్తది. సన్న గళ్లు, సన్న గీతలు గూడ వద్దు. కెమెరాల ఆ గీతలు అలలు అలలుగ కదిలినట్టు కనబడ్తయి. చమ్కీలు, అద్దాలు ఉన్నదైతే నిన్ను వెనక వరుసకు పంపుతరు. ఒకటే రంగు, ముదురు రంగు మంచిగుంటది. మెరూన్, నెమలి నీలం, వంగపండు రంగు, గిట్లాంటియి. పిల్లగాండ్ల టీషర్టుల మీద కంపెనీల పేర్లు ఉండొద్దు, ఉంటే టేపు అంటిస్తరు.

ఏ సీట్ల కూసుంటివో చివరిదాక అదే సీట్ల కూసోవాలె. అన్నం తిని వచ్చి జాగ మారితే, ఒక షాట్ల ఇక్కడ, ఇంకో షాట్ల అక్కడ కనబడ్తవు. అమ్మకు నడిచే తొవ్వ పక్కపొంటి సీటు మొదట్ల్నే అడుగు. తర్వాత అడిగితే ఇయ్యరు.

ఇంకొకటి. మొదలు డ్యాన్స్ ఏమి లేకుండనే మీతోని చప్పట్లు కొట్టిపిస్తరు, నవ్వమంటరు, నోరు తెరిచి ఆశ్చర్యపోమంటరు, లేసి నిలబడమంటరు. దానికి బాధపడొద్దు. పాట నడిచేటప్పుడు కెమెరాలన్ని స్టేజి దిక్కే ఉంటయి. ఒకటి క్రేన్ మీద మీ నెత్తి మీదికెళ్లి తిరుగుతుంటది. ఆడియన్స్ మొఖాలు అప్పుడు దొరకయి గనుక ముందుగాల తీసి పెట్టుకుంటరు. ఎడిటింగ్ల ఆడాడ వాడుకుంటరు.

---

చౌటుప్పల్ రోడ్డు | మంగళవారం, ఉదయం 6.30

వచ్చేటప్పటి సంగతి ఇప్పుడే చూసుకోన్రి. అర్ధరాత్రి దాటినంక మెట్రో ఉండదు. ఎల్బీనగర్ల నిలబడితే విజయవాడ పోయే బస్సులు దొరుకుతయి, అవి మిమ్మల్ని నార్కట్‌పల్లి చౌరస్తల దింపుతయి. అక్కడికెళ్లి నల్లగొండ పోనీకి ఆ వేళల ఏం దొరకదు. ఆడోళ్లకు జీరో టికెట్ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లల్లనే నడుస్తది, సూపర్ లగ్జరీ ఎక్కితే డబ్బులు కట్టాలె. పిల్లలు, ముసలోళ్లు ఉన్నరు గనుక అందరు కలిసి బండి మాట్లాడుకోన్రి.

షూటింగ్ ఫిల్మ్ సిటీల అయితే అది అబ్దుల్లాపూర్‌మెట్ మండలంల, మనకు తొవ్వలనే. ఊరి అటు దిక్కు స్టూడియో అయితే ఎల్బీనగర్ కాడికెళ్లి ఇంకో గంటన్నర పెట్టుకోన్రి.

---

దేవరకొండ తండా | మంగళవారం, ఉదయం 8.20

పాసులకు ఎవరన్న పైసలు అడిగిన్రా అక్కా? మా తండాల పిల్లలను ఒకాయన గిట్లనే తీసుకపోయిండు. ఆడియన్స్ పాసుకు మనిషికి 300, "జడ్జిల కంట్ల పడే సీటు"కు 500 అన్నడు. అక్కడికి పోయినంక తెలిసింది, లోపలికి పోనీకి ఒక్క రూపాయి అక్కర లేదని. కూలీ పని చేసుకునేటోళ్లు ఇంటికి వెయ్యి పోగొట్టుకున్నరు. ఇంకెవరు పోగొట్టుకోవద్దనే చెప్తున్న.

---

జడ్చర్ల లైట్‌మన్ | మంగళవారం, ఉదయం 8.45

> ఆడియన్స్ పాసుకు మనిషికి 300

తమ్మీ, ఇది చానా అన్యాయం. మామూలుగ షో తీసేటోళ్లే మనుషుల్ని తెచ్చే ఏజెంటుకు తలకింత అని ఇస్తరు. ఆయన అటు తీసుకోని ఇటు మీ దగ్గర గూడ తీసుకున్నడు. డ్యాన్స్ చేసేటోళ్ల కాడ "రిజిస్ట్రేషన్" అని అడిగినా ఆగి ఆలోచించాలె. ఛానెల్ ఆఫీసు నంబరుకు సొంతంగ ఫోన్ చేసి కనుక్కున్నంకనే ముందుకు పోవాలె.

---

కొల్లాపూర్ గజ్జెలు | మంగళవారం, రాత్రి 9.00

దర్జీ అక్కా, నేను గూడ ఒక మాట చెప్త. ఇంటర్ల ఉన్నప్పుడు గిట్లాంటి ఆడిషన్ల స్టేజి ఎక్కిన. ఎంపిక కాలే. ఇప్పుడు నాగర్‌కర్నూల్ల పిల్లలకు నేర్పిస్తున్న. మా అన్న సోనీల బూగీ వూగీ చూసి నాకు మొదటి స్టెప్పులు నేర్పిండు. 1996ల మొదలైన షో అది, అప్పటికి మన ఊళ్లల్ల డ్యాన్స్ క్లాసు అనే మాటనే లేదు.

మీరు కుర్చీల కూసోని స్టేజిని చూస్తరు గద, స్టేజి మీదికెళ్లి మీరెట్ల కనబడ్తరో తెలుసా? కనబడరు. లైట్లు సీదా కంట్లె కొడ్తయి. మొదటి రెండు వరుసలు మసక మసక, ఆ వెనకంత చీకటి. ఆడేటోళ్లకు మీరు చప్పుడు మాత్రమే. పాట మొదలు గాకముందు ఐదారు సెకండ్లు ఎవ్వరు మాట్లాడరు. ఆ ఐదారు సెకండ్లల్ల నా గుండె చప్పుడు నాకే వినబడ్డది. చీకట్ల ఎవరో ఒకామె "కానియ్ బిడ్డా" అన్నది. మా అమ్మ కాదు, మా ఊరామె గూడ కాదు. ఇప్పటికి ఆ గొంతు నాకు గుర్తుంది.

ఫ్లోర్ మేనేజర్ చెయ్యి ఊపినప్పుడు అందరు చప్పట్లు కొడ్తరు. చెయ్యి ఊపనప్పుడు గూడ కొట్టు అక్కా. ముఖ్యంగ స్టెప్పు తప్పినోళ్లకు.

---

పానగల్లు దర్జీ | మంగళవారం, రాత్రి 10.10

చెల్లే, నీ మాట చదివి మా అక్కకు గూడ వినిపించిన. పాసులకు మా దగ్గర ఎవ్వరు పైసలు అడగలే. బండి మాట్లాడినం. అమ్మ చీటీ తీసి పెట్టిన. పోయొచ్చి రాస్త.

---

పానగల్లు దర్జీ | తర్వాతి మంగళవారం, రాత్రి 8.30

పోయొచ్చినం. రెండు దినాలు నిద్ర తీరలే, అందుకే ఆలస్యమైంది. ఎవరు ఎంపికైన్రు, ఎవరు కాలేదనేది ప్రసారం అయ్యేదాక చెప్పొద్దని సంతకాలు పెట్టిపిచ్చుకున్నరు. అది తప్ప మిగతాది చెప్త.

తెల్లారగట్ల నాలుగున్నరకు బయల్దేరినం. చిట్యాల దాటంగ తెల్లారింది. పిల్లలు పంతంగి టోల్‌గేట్ దాక పాటలు పాడి, చౌటుప్పల్ దాటంగనే పడుకున్నరు. తొమ్మిదింటికి గేటు కాడున్నం. లోపలికి పోనిచ్చేసరికి పదకొండున్నర. ఫోన్లు కవర్ల పెట్టి టోకెన్ ఇచ్చిన్రు. నేను వంగపండు రంగు చీర కట్టుకున్న. కోఆర్డినేటర్ పిల్ల నన్ను చూసి మూడో వరుసల నడుమ కూసోబెట్టింది. లైట్‌మన్ తమ్మీ చెప్పింది అక్షరం తప్పలే. మా వెంబడి వచ్చిన ఒకామె తెల్ల చీర కట్టుకోని వచ్చి చివరి వరుసల పడ్డది. అమ్మకు తొవ్వ పక్కపొంటి సీటు దొరికింది.

మొదలు గంటసేపు ఉత్త స్టేజికి చప్పట్లు కొట్టినం. నవ్వినం, లేసి నిలబడ్డం. నాకు మొదట్ల మనసొప్పలేదు. ఎవరు లేని జాగకు చప్పట్లు కొడ్తుంటే చేతులు రాలే. రెండింటికి గాని మొదటి డ్యాన్స్ పడలే.

టీవీల కనబడనివి చానా చూసిన. స్టేజి నేల అద్దం లెక్క మెరుస్తది. ప్రతి డ్యాన్స్ అయినంక ఇద్దరు పిల్లగాండ్లు ఉరికొచ్చి ఆ చెమట తుడుస్తరు, లేకుంటే తర్వాతోళ్లు జారి పడ్తరు. ఒక్కొక్క డ్యాన్స్‌కు నడుమ పావుగంట, అరగంట పడ్తది. జడ్జిలు చెప్పేది టీవీల ఒక నిమిషమే వస్తది గాని, అక్కడ పదిహేను నిమిషాలు చెప్తరు. అండ్ల నేర్సుకునేది మస్తు ఉంటది. ఒక పిల్లకు "నీ చూపు నీ చేతి వెంట పోతలేదు" అని చెప్పి, తానే లేసి చేసి చూపిచ్చిన్రు. అది టీవీల వస్తదో రాదో గాని, మా అక్క బిడ్డ అది చూసి అప్పటికప్పుడే తన చేతిని చూసుకోబట్టింది.

బట్టల సంగతి నాకు గట్టిగ అనిపించింది. మోకాలు మడిచి నేల మీద జారే స్టెప్పులకు సాటిన్ గుడ్డ కుట్టిన్రు ఒక గ్రూపుకు. రెండో నిమిషంలనే మోకాలు కాడ చినిగింది. ఆ బట్టకు లోపల లైనింగ్, మోకాలు కాడ డబల్ ప్యాచ్ ఉండాలె. చంకల కాడ ముక్క వెయ్యకుంటే చేతులు పైకి లేపినప్పుడు అంగీ మొత్తం మీదికి లేస్తది. ఈ రెండు తప్పులు ఆ దినం నేను నాలుగు గ్రూపులకు చూసిన. పిల్లలు ఆడుకుంట అంగీ గుంజుకుంటుంటే నా పానం కొట్టుకున్నది. నా పర్సుల సూది, దారం, పిన్నీసులు ఎప్పుడు ఉంటయి. వరండల కూసోని ముగ్గురికి టాకాలు వేసిచ్చిన.

ఇగ డప్పు పోరని సంగతి చెప్పాలె. దీని కోసమే ఇంత రాస్తున్న.

వరండల ఒక పోరడు ఒక్కడే కూసున్నడు. ఇరవై ఏండ్లు ఉంటయేమో. నకిరేకల్ దిక్కు ఊరు. ఒళ్లె తోలు డప్పు. తాత కాడ నేర్సుకున్నడట. డప్పు కొట్టుకుంట ఆడుతడు, సోలో. వెంబడి ఎవ్వరు రాలే, బస్సుల వచ్చిండు. పొద్దటిసంది ఆ ఏసీల కూసోని కూసోని డప్పు తోలు చల్లబడి సడలింది. వేలుతోని కొట్టి చూస్తుండు, "దబ్ దబ్" అని మెత్తటి చప్పుడు వస్తుంది. కాగబెట్టాలె గాని లోపల నిప్పు పెట్టనియ్యరు గద. అటెన్క ఇద్దరి తర్వాత అతని నంబరు. పోరని మొఖంల నెత్తురు లేదు.

మా అమ్మ లేసింది. "అన్నాలు వండే కాడ పొయ్యి ఉంటది గద" అన్నది. అందరి కంటె ముందు ఆమెకు తట్టింది అది. అమ్మ, నేను, ఆ పోరడు, స్టూడియో వెనకకు వంటల కాడికి పోయినం. వంటాయన మొదలు వద్దన్నడు. అమ్మ ఆయనతోని ఏదో మాట్లాడింది, ఆయనది గూడ పల్లెనే, డప్పు సంగతి తెలిసినాయన. పెద్ద గ్యాస్ పొయ్యి సన్నగ పెట్టి ఇచ్చిండు. పోరడు డప్పును దూరం నుంచి తిప్పుకుంట తిప్పుకుంట కాగబెట్టిండు. నాలుగైదు నిమిషాల్ల చప్పుడు మారింది. "ఖణ్" మన్నది. వంటోళ్లందరు గరిటెలు ఆపి ఇటు చూసిన్రు.

స్టేజి ఎక్కిండు. కొల్లాపూర్ చెల్లె చెప్పిన ఆ ఐదారు సెకండ్లు వచ్చినయి. అమ్మ అన్నది, "కొట్టు నాయినా" అని. నేను చెప్పమనలే, నీ మాట ఆమెకు తెల్వదు చెల్లే. ఆమెనే అన్నది.

మొదటి దరువుకే హాలంత మారిపోయింది. పొద్దటిసంది కూసోని కూసోని వంగిపోయిన మనుషులు నిటారుగ కూసున్నరు. ఎవ్వరు చెయ్యి ఊపలే. ఫ్లోర్ మేనేజర్ గూడ అట్లనే నిలబడి చూస్తుండు. మేం దరువుకు చప్పట్లు కొట్టబట్టినం, నడుమ ఆగలే. పొద్దుగాల రాని నా చేతులు అప్పుడు వచ్చినయి.

ఉన్నది ఉన్నట్టు చెప్తే, ఆఖరి అర నిమిషంల తడబడ్డడు. డప్పు పట్టీ భుజం మీదికెళ్లి జారింది. దాన్ని పట్టుకునేసరికి ఒక దరువు పోయింది, కాలు తప్పింది. అయినా ఆపలే.

పిల్లల గ్రూపు రాత్రి 8.40కి స్టేజి ఎక్కింది. మంచిగ ఆడిన్రు. ప్యాకప్ 12.45కు. ఆ పోరనికి బస్సు లేదు గనుక మా బండ్లనే ఎక్కించుకున్నం. నార్కట్‌పల్లి చౌరస్తల దిగి సూర్యాపేట బస్సు ఎక్కిండు.

---

హాలియా సారు | మంగళవారం, రాత్రి 9.50

అమ్మా, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. కానీ ఒక మాట అడగక తప్పదు. పిల్లలు ఉదయం 9కి గేటు దగ్గర, రాత్రి 8.40కి స్టేజి మీద. అర్ధరాత్రి దాకా అక్కడే. మరుసటి రోజు సోమవారం, బడి.

బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించి, 2017లో నియమాలు ఇచ్చారు. 14 ఏళ్లు నిండని పిల్లలతో టీవీ, సినిమా పని చేయించాలంటే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. రోజుకు ఐదు గంటలకు మించి చేయించకూడదు, విశ్రాంతి లేకుండా వరసగా మూడు గంటలు దాటకూడదు. వచ్చిన ఆదాయంలో కనీసం 20 శాతం పిల్లల పేరున జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. డ్యాన్స్ షోలలో పిల్లలచేత పెద్దల శృంగార స్టెప్పులు వేయించడం మీద 2019 జూన్ 18న కేంద్ర సమాచార ప్రసార శాఖ ఛానెళ్లకు సూచన కూడా పంపింది.

వేచి ఉండడం పని కాదని వాళ్లు అనవచ్చు. ఉపాధ్యాయుడిగా నా బాధ ఏమిటంటే, వేచి ఉండడంలోనే పిల్లలు ఎక్కువ అలసిపోతారు. తల్లిదండ్రులు ఎనిమిది మంది కలిసి "మా పిల్లల వంతు సాయంత్రం ఆరులోపు పెట్టండి" అని ముందే రాసి ఇస్తే వింటారు. ఒక్కరు అడిగితే వినకపోవచ్చు.

---

మిర్యాలగూడ అక్క | మంగళవారం, రాత్రి 10.20

సారు చెప్పింది నిజం. మా బాబు ఆ రాత్రి స్టేజి ఎక్కేముందు నిద్రల తూలుతుండె. మొఖం కడిగి లేపిన. అడిగితే తీసేస్తరేమోనని భయపడి నోరు మూసుకున్న. ఇప్పటికి ఆ బాధ ఉంది. గీ నియమాలు అప్పుడే తెలిస్తే అడిగేదాన్ని.

---

జడ్చర్ల లైట్‌మన్ | మంగళవారం, రాత్రి 11.00

డప్పు సంగతి చదివి నాకు పాత రోజులు గుర్తొచ్చినయి. నేను పనిల చేరినప్పుడు సెట్ల మీద పెద్ద బల్బుల లైట్లుండె, పొయ్యి లెక్క కాగేటియి. డప్పు కళాకారులు వస్తే వాటి ముందట డప్పు పెట్టి కాగబెట్టుకునేటోళ్లు, మేమే జాగ చూపిచ్చేటోళ్లం. ఇప్పుడన్ని ఎల్‌ఈడీలు. వెలుగుంటది గాని డప్పును కాగబెట్టే వేడి లేదు. మంచి పని చేసింది మీ అమ్మ.

ఫైబర్ డప్పులు వచ్చినయి, నట్లు బిగిస్తే చాలు, నిప్పు అక్కర లేదు. గాని ఆ చప్పుడు వేరు, ఈ చప్పుడు వేరు.

---

దేవరకొండ తండా | బుధవారం, ఉదయం 7.15

నాకు ఎప్పటిసందో ఒక బాధ. మన దిక్కు ఆటలను ఈ షోలల్ల ఎప్పుడో ఒకసారి "ఫోక్ రౌండ్" అని పెట్టి, బట్టలు మాత్రం మనయి కట్టి, లోపల అవే స్టెప్పులు వేస్తరు. మా తండాల ఆడోళ్లు తీజ్ పండుగకు ఆడేదాంట్ల ఉన్న నడక ఒక్కరు గూడ పట్టుకోరు.

---

హాలియా సారు | బుధవారం, ఉదయం 7.50

కాకతీయుల నాటి పేరిణి నృత్యం కూడా ఒకప్పుడు శిల్పాల్లోనే మిగిలింది. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు రామప్ప గుడి బొమ్మలను, జాయప సేనాని రాసిన నృత్త రత్నావళి గ్రంథాన్ని పట్టుకుని దాన్ని మళ్లీ నిలబెట్టారు. మన పాలమూరు నుంచే కిన్నెర మొగులయ్య గారికి 2022లో, నారాయణపేట జిల్లా దామరగిద్దలో బుర్రవీణ వాయించే దాసరి కొండప్ప గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆ విద్యలు అన్నేళ్లూ నిలిచింది ఊళ్లలో కూర్చుని విన్న జనం వల్లే.

---

కొల్లాపూర్ గజ్జెలు | బుధవారం, మధ్యాహ్నం 1.30

దేవరకొండ అన్నా, నీ బాధ నాది గూడ. నేర్పేదాన్నిగ ఇంకొక కారణం గూడ చెప్త. మన ఆటలు గుండ్రంగ ఉంటయి. బతుకమ్మ, కోలాటం, తీజ్, అన్ని వలయమే. మొఖాలు లోపలికి, ఒకరినొకరు చూసుకుంట ఆడుతరు. చుట్టూర నిలబడ్డోళ్లు ఏ దిక్కుకెళ్లైనా చూడొచ్చు. టీవీ స్టేజికి ఒక్క దిక్కే మొఖం. గుండ్రంగ ఆడితే సగం మంది వీపులు జడ్జిల దిక్కుంటయి. అందుకే మాస్టర్లు వలయాన్ని ఇప్పి వరుసలు చేస్తరు, ఆడనే ఆట పోతది.

నేనైతే వలయాన్ని తెరవను. వంకర నెలవంక లెక్క పెడ్త, రెండు కొసలు ముందుకు. పిల్లలు ఒకరినొకరు చూసుకుంటరు, మొఖాలు గూడ కనబడ్తయి. నడక పోదు. మీ తండా ఆడోళ్లు ఒప్పుకుంటే నేనొచ్చి ఆ అడుగులు నేర్సుకుంట.

---

దేవరకొండ తండా | బుధవారం, మధ్యాహ్నం 2.05

రా చెల్లే. మా అమ్మనే నేర్పిస్తది. తీజ్ శ్రావణంల వస్తది, అప్పుడైతే తొమ్మిది దినాలు చూడొచ్చు.

---

వనపర్తి చదువరి | బుధవారం, రాత్రి 9.15

దర్జీ అక్కా, ప్రసారం ఎప్పుడో తెలిస్తే చెప్పు. డప్పు తమ్మి కోసం మేం గూడ చూస్తం.

---

పానగల్లు దర్జీ | ఐదు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 10.45

ఇయ్యాల వచ్చింది. అందరు చూసే ఉంటరు. ఇప్పుడు చెప్పొచ్చు.

మా పిల్లలు తర్వాతి రౌండుకు పోయిన్రు. మా అక్క ఇంట్ల అందరు సంతోషంగ ఉన్నరు, నేను గూడ. ఈసారి ఎనిమిది ఇండ్లోళ్లు కలిసి సంతకాలు పెట్టి, పిల్లల వంతు సాయంత్రం ఆరులోపు పెట్టాలని కాగితం పంపినం సారూ. సరే అన్నరు.

డప్పు పోరడు ఎంపిక కాలే. జడ్జిలల్ల ఒకరు ఎస్ అన్నరు, ఇద్దరు నో అన్నరు. ఒకటే తీరు అడుగులు, తర్వాతి రౌండ్లల్ల వేరే స్టైళ్లు చెయ్యగలడో లేదో అన్నరు. అప్పుడు చెప్పిన మాటల్ల మంచి మాటలు గూడ ఉండె, అవేవి రాలే. మూడు నిమిషాల ఆట పది సెకండ్లు గూడ చూపియ్యలే. అమ్మ టీవీ ముందటికెళ్లి లేసి పోయింది.

ఇంకొకటి చూసిన్రా? వేరే గ్రూపు ఒకటి గాల్ల పల్టీలు కొట్టింది గద, దానికి ఆడియన్స్ లేసి చప్పట్లు కొట్టినట్టు చూపిచ్చిన్రు. ఆ వంగపండు రంగు చీర నాది. పక్కన నెమలి నీలం చీర మా అక్కది. ఆ గ్రూపుకు మేం లేవలే. ఆ లేసింది డప్పు అయిపోయినప్పుడు. నాకు బాగ గుర్తుంది, లేసినప్పుడు నా చేతుల అమ్మ శాలువ ఉండె. టీవీల గూడ చేతుల శాలువ ఉంది.

---

జడ్చర్ల లైట్‌మన్ | ఆదివారం, రాత్రి 11.20

చూసిన అక్కా. ఎడిటర్‌కు ఆ మొఖాలు నచ్చి ఉంటయి. చెప్తే చేసిన చప్పట్లకు, కడుపుల నుంచి వచ్చిన చప్పట్లకు తేడా కెమెరాల తెలుస్తది. మంచిది ఏడ దొరికితే అది తీసి కావాల్సిన కాడ పెడ్తరు. అది పని తీరు. గాని ఎవరికి కొట్టినయి వాళ్లకు చెందకపోవుడు నాకు గూడ బాధనిపిచ్చింది. అన్నేండ్లు అక్కడ ఉండి గూడ నేను గిట్ల ఆలోచించలే.

---

నకిరేకల్ దరువు | సోమవారం, ఉదయం 5.50

నమస్తే అందరికి. ఇది నా మొదటి పోస్ట్. ఆ డప్పు పోరన్ని నేనే. రాత్రి దోస్తు ఈ చర్చ పంపిండు, మొత్తం చదివిన.

దర్జీ అక్కా, ఆ రాత్రి బండ్ల నేను ఎక్కువ మాట్లాడలే. మాట్లాడితే ఏడుపొస్తదని మాట్లాడలే. తప్పుగ అనుకోవద్దు. పట్టీ జారింది నా తప్పే, పాత తాడు కట్టుకోని పోయిన. టీవీల రాలేదని మా తాత అడిగిండు, ఈ చర్చల మీరు రాసింది చదివి వినిపిచ్చిన. వంటోళ్లు గరిటెలు ఆపిన్రు అన్న కాడ మళ్లొకసారి చదవమన్నడు.

లైట్లల్ల నాకు ఎవ్వరు కనబడలే. "కొట్టు నాయినా" అన్నది వినబడ్డది. అమ్మను అడిగిన అని చెప్పున్రి.

వచ్చే నెల మా ఊళ్లె పీర్ల పండుగ. రాత్రంత ఆడుతం, నిప్పు మా ముందటనే ఉంటది. మీరు, అమ్మ వస్తే మా ఇంట్ల ఉండొచ్చు.

---

పానగల్లు దర్జీ | సోమవారం, ఉదయం 6.40

తమ్మీ, అమ్మకు చదివి వినిపిచ్చిన. వస్తనన్నది.

తాడు పడేసెయ్. భుజం మీదికెళ్లి డప్పు అంచు దాక ఎన్ని ఇంచులుందో టేపుతోని కొలిచి పంపు, నిలబడి గాదు, వంగి ఆడేటప్పుడు కొలవాలె. రెండించుల వెడల్పు క్యాన్వాస్ పట్టీ, భుజం కాడ లోపల ముతక నూలు గుడ్డ వేసి కుడ్త, చెమటకు జారదు. బకిల్ రెండు పెడ్త, ఒకటి ఊడినా ఇంకొకటి పట్టుకుంటది. పండుగకు వచ్చేటప్పుడు తీసుకొస్త.